నడిచే మిషన్

అక్టోబర్ 13, ఆదివారం

ట్రెడ్‌మిల్ వచ్చింది. పటాన్‌చెరులో మూతపడ్డ ఒక జిమ్ముది. ట్రాలీ ఆటోలో తెచ్చి నలుగురు పట్టి మెట్లెక్కించేసరికి గోడ అంచు కొంచెం పెచ్చు లేచింది. ఇంటి ఓనరు పద్మావతి గారు కింద వరండాలో నిలబడి అంతా చూశారు. గోడ గురించి ఏమీ అనలేదు.

"మీ ఆయన కోసమామ్మా?" అని మాత్రం అడిగారు. అవునన్నాను.

ముందు గదిలో కిటికీ పక్కన పెట్టించాను. ఆయన లోపలి గదిలోంచి రాలేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఇంత పెద్ద సామాను ఇంట్లోకి వస్తుంటే చంద్రకాంత్ లేచి రాకపోవడం ఆగస్టు ప్రమాదానికి ముందు జరిగేది కాదు. నలుగురికీ తానే పని చెప్పేవాడు.

అత్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, బెల్టు మీద కాలు పెట్టి వెంటనే తీసేసింది.

"ఇంట్ల నడిసెటందుకు మిషిన్ ఏందే? బయట భూమి లేదా?"

"బయట పొగ, దుమ్ము కద అత్తమ్మా. ఊపిరితిత్తులు నయమయ్యేదాంక రోడ్డు మీద నడవొద్దన్నడు డాక్టర్. ఇంట్లనే మెల్లగ నడిపియ్యమన్నడు."

"దీని మీద నడిసి వాడు యాడికి వోతడు?"

"యాడికి పోడు. ఈడనే ఉంటడు."

"గట్లయితే మంచిదే" అంది రాజవ్వ. మా అత్తమ్మకు ఏదైనా ఇంత తొందరగా నచ్చడం నేను చూడలేదు.

అందరూ వెళ్లాక ప్లగ్గు పెట్టాను. లైటు రాలేదు.

అక్టోబర్ 14, సోమవారం

జిమ్ము నడిపిన ప్రవీణ్‌కు ఫోన్ చేశాను. "ఈడ మంచిగనే నడిచింది అక్కా. బంద్ వెట్టినప్పటి సంది ఆన్ చెయ్యలే, గంతే" అన్నాడు. రిపేరు చేసేవాళ్ల నంబరు ఇచ్చాడు. వాళ్లు ఇస్నాపూర్ దాకా రారట. పైగా ఇది పాత మోడల్, సామాన్లు దొరకవట.

మా ఇంట్లో ఫ్యానైనా మిక్సీ అయినా విప్పేది ఆయనే. ఆయన్ని అడగలేదు. విశ్రాంతిగా ఉండాలి కదా.

నేనే చూస్తాను. ఐదో తరగతికి కరెంటు పాఠం చెప్పేది నేనే. బ్యాటరీ, బల్బు, స్విచ్చు. ఇందులో అంతకన్నా ఎక్కువ ఏముంటుంది?

అక్టోబర్ 16, బుధవారం

చాలా ఎక్కువ ఉంది.

బడి నుంచి వచ్చి మోటారు మీది మూత విప్పాను. ముందు ఫోన్లో వీడియోలు చూశాను. ప్లగ్గు పీకినా సరే, బోర్డు మీద ఉండే డబ్బాల్లాంటి వాటిలో కాసేపు కరెంటు నిలిచి ఉంటుందట. తొందరపడి చెయ్యి పెట్టొద్దని వీడియోలో ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అందుకని ప్లగ్గు పీకి, అన్నం వండి, కూర దించి, అప్పుడు వచ్చి కూర్చున్నాను.

లోపల గుప్పెళ్ల కొద్దీ దుమ్ము. ఎండిపోయిన బల్లి ఒకటి. పెయింట్ బ్రష్‌తో మొత్తం తుడిచాను. మోటారు చివర తిరిగే చక్రం దగ్గర ఒక రేకుకు బిగించి చిన్న నల్ల ముక్క ఉంది. బ్రష్ దూరడం లేదని ఆ రేకును కొద్దిగా పక్కకు వంచి, దాని వెనక కూడా శుభ్రం చేశాను. అంత శుభ్రంగా కంపెనీ వాళ్లు కూడా ఇచ్చి ఉండరు.

వైరు లోపలికి వచ్చే చోట చిన్న గాజు ఫ్యూజు ఉంది. లోపల తీగ తెగిపోయి, గాజు నల్లబడింది. ఇది నాకు తెలుసు. ఇది పాఠంలో ఉంది.

అక్టోబర్ 17, గురువారం

కొత్త ఫ్యూజు వేశాను. డిస్‌ప్లే వెలిగింది. అత్తమ్మ వచ్చి చూసి, కుంకుమ తెచ్చి మోటారు మూతకు బొట్టు పెట్టింది.

వెలిగింది గానీ స్టార్ట్ నొక్కితే సేఫ్టీ కీ పెట్టమంటోంది. అది ఒక అయస్కాంతం ముక్క. దానికి తాడు, తాడుకు క్లిప్పు ఉంటాయట. నడిచేవాళ్లు క్లిప్పును చొక్కాకు తగిలించుకోవాలి. కాలు జారితే తాడు అయస్కాంతాన్ని లాగేస్తుంది, మిషన్ ఆగిపోతుంది. మాకు వచ్చిన దానిలో అది లేదు.

ప్రవీణ్‌ను అడిగితే, "ఏదన్న మ్యాగ్నెట్ వెట్టు అక్కా, అయిపోతది" అన్నాడు.

ఫ్రిజ్ తలుపు మీది సీతాకోకచిలుకను తీసి పెట్టాను. ఒప్పుకుంది. జారకుండా టేపు వేశాను.

ఇప్పుడు స్టార్ట్ నొక్కితే ఇంకో తప్పు చూపిస్తోంది. E1.

అక్టోబర్ 20, ఆదివారం

హరినాథ్ గారు బత్తాయిలు తీసుకొని వచ్చారు. మా ఆయనకు కెమికల్ ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జి. అంతకన్నా, గ్యాస్ లీకైన రోజు ఈయన్ని భుజాన వేసుకొని ప్లాంటు బయటికి మోసుకొచ్చిన మనిషి. రెండు నిమిషాలు ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆసుపత్రిలో చెప్పారు. హరినాథ్ గారు మా గడప ఎక్కినప్పుడల్లా నాకు కాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

మంచం పక్కన కుర్చీ వేశాను.

"ఎలా ఉంది చంద్రం?"

"గట్లనే సార్."

"విచారణ నవంబర్‌లో పెడుతున్నారు. నిన్ను అడిగేది ఒక్కటే, అలారం మోగిందా లేదా అని. మోగింది, వినబడేలోపే గ్యాస్ కమ్మేసింది, అంతే. కంగారేం పడకు. ముందు నువ్వు కోలుకో."

మా ఆయన ఇటు తిరగను కూడా తిరగలేదు. నేనే టీ ఇచ్చి, పిల్లల చదువుల గురించి ఏదో అడిగి, గేటు దాకా సాగనంపాను. వచ్చి ఆయన్ని కోప్పడ్డాను. ప్రాణం పోసిన మనిషి వస్తే మొహం చూపించడానికేమని అడిగాను.

"దగ్గొస్తుంది" అని కళ్లు మూసుకున్నాడు.

అలారం సంగతి నేను అడగలేదు. మోగే ఉంటుంది.

అక్టోబర్ 23, బుధవారం

పటాన్‌చెరులో ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుకు వెళ్లాను. E1 అని చెప్పగానే షాపతను తల కూడా ఎత్తలేదు. "బోర్డు వోయింది మేడమ్. మార్చాల్సిందే. అది దొరకది" అన్నాడు. వీడియోల్లోనేమో E1 అంటే పైన డిస్‌ప్లేకూ కింద బోర్డుకూ మాట కుదరడం లేదని అర్థమంటున్నారు. ముందు మధ్యలో ఉండే వైరు చూసుకోమన్నారు.

మీటరు ఒకటి కొనుక్కొని వచ్చాను. రెండు మొనలు ఒకదానికొకటి తాకిస్తే బీప్‌మంటుంది. వైరు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పెట్టాలి. మధ్యలో ఎక్కడా తెగకపోతే బీప్ వస్తుంది. నాలుగో తరగతి పిల్లలకైనా నేర్పొచ్చు.

బస్సులో మీటరును ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ముత్తంగి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి, నిలబడ్డ లారీల పొగంతా లోపలికి వచ్చింది. ఇందులో ఆయన నడవగలడా? నేను కొన్నది సరైనదే.

అక్టోబర్ 27, ఆదివారం

దొరికింది.

డిస్‌ప్లే నుంచి కిందికి ఎన్నో సన్న వైర్లు ఒకటే గొట్టంలో వస్తాయి. ఒక్కొక్కదాన్నీ మీటరుతో పట్టి చూశాను. అన్నీ బీప్‌మన్నాయి, పచ్చది తప్ప. మళ్లీ చూశాను. పచ్చది మళ్లీ పలకలేదు. స్తంభం మడిచే చోట, మడత కింద నలిగి నలిగి తెగిపోయింది. పైకి చూస్తే ఏమీ తెలియదు. వేళ్లతో తడిమితే ఒకచోట మెత్తగా తగిలింది.

అక్కడ పైపొర ఒలిచి, రెండు కొసలూ పెనవేసి, ఆయన సోల్డరింగ్ ఐరన్ వెతికి తీసి అతికించాను. అతుకు లడ్డూలాగా వచ్చింది. వేలు కాలింది. రెండోసారి కొంచెం నయం.

లోపలి గదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"కాలుతున్న వాసన ఏంది?"

"ఏం లేదు" అన్నాను వెంటనే.

తనంతట తాను నన్నొక మాట అడగడం ఎన్ని వారాల తర్వాతో. నేనేమో ఏం లేదన్నాను. ఎందుకలా అన్నానో అర్థం కాలేదు. మళ్లీ అడుగుతాడేమోనని అక్కడే కూర్చున్నాను. అడగలేదు.

అక్టోబర్ 29, మంగళవారం

నడిచింది. బెల్టు మెల్లగా కదిలి, సాఫీగా తిరిగింది. కింది నుంచి పద్మావతి గారు వచ్చారు.

"ఏంటమ్మా ఆ చప్పుడు? మా ఫ్యాను ఊగుతోంది."

చూపించాను. నేనే బాగు చేశానంటే నమ్మలేదు. కాసేపు బెల్టును చూస్తూ నిలబడి, "పొద్దున పూట అయితే పర్లేదులే, నేను గుడికి వెళ్తాను" అన్నారు.

ఆమె వెళ్లాక మళ్లీ పెట్టి చూస్తుంటే బెల్టు ఒక్కసారిగా జోరందుకుంది. నేను దూరంగానే ఉన్నాను. కాసేపటికి తప్పు చూపించి దానంతటదే ఆగిపోయింది. నా చెయ్యి ప్లస్ బటన్ మీద పడి ఉంటుంది.

తర్వాత బాగానే నడిచింది.

అక్టోబర్ 31, గురువారం

దీపావళి. కిటికీల సందుల్లో తడిబట్టలు పెట్టాం. అయినా పొగ వచ్చింది. ఆయన కూర్చొనే ఉన్నాడు, పడుకుంటే ఊపిరాడటం లేదని. అత్తమ్మ వీపు రాస్తూనే ఉంది. మేం దీపాలు పెట్టలేదు.

నవంబర్ 2, శనివారం

పొద్దున ఆన్ చేసి చూశాను. బాగానే నడిచింది. ఒక్కసారి తప్ప.

నవంబర్ 4, సోమవారం

మధ్యాహ్నం క్లాసులో ఉండగా అత్తమ్మ ఫోన్. "జల్దీ రా బిడ్డా" అని పెట్టేసింది. హెడ్మాస్టర్‌కు చెప్పానో లేదో గుర్తులేదు.

ఆయన ముందు గదిలో నేల మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. మోచేయి గీరుకుపోయి నెత్తురు. అరచెయ్యి తోలు లేచింది. పద్మావతి గారు డెట్టాల్‌తో తుడుస్తున్నారు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ పెట్టి చూశాను. తక్కువగా ఉంది గానీ భయపడేంత కాదు.

"అమ్మా నేను నడుస్త అన్నడే" అంది అత్తమ్మ. "ఎన్నడు లేనిది వానంతట వాడే లేశిండని నేను సంబురవడ్డ. నాలుగడుగులు మంచిగనే ఏసిండు. ఇగ అది గుర్రం లెక్క ఉరికింది. వాన్ని గుంజి అవతల వడేసింది. నేను వోయి వైరు వీకిన."

పద్మావతి గారు వెళ్లాక కూడా ఆయన పిడికిలి మూసే ఉంది. తెరిచి చూపించాడు. సీతాకోకచిలుక.

"ఇది నువ్వు వెట్టినవా?"

"ఆ."

"తాడేది?"

"రాలేదు. తాడు లేకుంటె గూడ నడుస్తదన్నరు."

"ఇంతకుముందు ఎప్పుడన్న గిట్ల ఉరికిందా?"

లేదు అన్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

"ఒకసారి" అన్నాను. తర్వాత, "రెండుసార్లు."

"తెలిసి టేపేసినవు."

"బాగైందనుకున్న. నువ్వు ఎక్కుతవనుకోలే."

అది నిజం కాదు. ఆయన ఎక్కాలనే కదా ఇదంతా.

ఆయన కోపంగా లేడు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆగి మాట్లాడాడు.

"నువ్వు గూడ బైపాస్ చేసినవా హర్షిణీ."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు అలారం మోగలే. మోగెటట్టు లేదు. ఊకె మోగుతుందని, మోగినప్పుడల్ల బ్యాచ్ ఆపాల్సొస్తుందని, దాన్ని తీసి పెట్టిన్రు. బ్యాచ్ ఆపితె పైనోళ్లు ఊకోరు. హరినాథ్ సార్ తీయించిండు. ఎర్ర లైటు మీద టేపేసిన్రు. నేను దినాం డ్యూటీకి వోయి ఆ టేపు సూసుకుంట దాని కిందికెల్లి వోయేది. నేనడగలే. ఎవ్వరడగలే."

"ఆయననే కద నిన్ను మోసుకొచ్చింది."

"ఆయననే. మాస్కు లేకుంట వచ్చిండు. ఆయనకు గూడ వట్టే ఉంటది గ్యాసు."

"మరి విచారణల ఏం చెప్తవు?"

"ఇన్ని దినాల సంది అదే సమజైతలేదు. నువ్వేమో పాణం బాగలేక గోడ దిక్కు తిరిగి పన్నడనుకున్నవు."

అత్తమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాడు. నేను పచ్చి గాయం మీద దూది అద్దుతూ కూర్చున్నాను.

నవంబర్ 5, మంగళవారం

మిషన్ మీద దుప్పటి కప్పాను. అమ్మేద్దామన్నాను. ఎవరికి అమ్ముతావని అడిగాడు.

నవంబర్ 9, శనివారం

రెండో శనివారం, బడి లేదు. బజారుకు పోయి వచ్చేసరికి దుప్పటి మడతపెట్టి ఉంది. ఆయన స్టూలు వేసుకొని మిషన్ ముందు కూర్చున్నాడు.

"మూత విప్పు. నాతోని వంగుడు కాదు."

విప్పాను.

"మొదటి దినం సంది ఏమేం ముట్టుకున్నవో చెప్పు. ఒక్కటి గూడ ఇడువకు."

చెప్పాను. దుమ్ము, బల్లి, ఫ్యూజు, పచ్చ వైరు. లడ్డూలాంటి అతుకు చూపిస్తే కొంచెం నవ్వినట్టనిపించింది. అప్పుడు రేకు సంగతి గుర్తొచ్చింది. బ్రష్ దూరడం లేదని పక్కకు వంచాను కదా, ఆ రేకు.

"ఏ రేకు?"

చూపించాను. ఆయన మొబైల్ లైటు వేసి వంగబోయి, దగ్గు వచ్చి ఆగిపోయాడు. ఫోటో తీసి ఇచ్చాను. పెద్దగా చేసి చూశాడు.

"ఇది సెన్సారు. చక్రం మీద సన్న అయస్కాంతం ఉన్నది సూడు. చక్రం తిరిగినప్పుడల్ల అది దీని ముంగటికెల్లి వోతది. గట్ల చక్రం ఎంత జోరు తిరుగుతుందో బోర్డుకు తెలుస్తది. నువ్వు దీన్ని దూరం జరిపినవు. దీనికి ఒకపాలి కనవడ్తది, ఒకపాలి కనవడది. కనవడకుంటె బోర్డేమనుకుంటది?"

"ఆగిపోయిందనుకుంటది."

"అనుకొని ఇంక ఎక్కువ కరెంటిస్తది. గందుకే ఉరికింది. దానికి పైత్యం లేదు. కండ్లు లేవు, గంతే."

నేను ఎంతో శుభ్రం చేశానని సంబరపడ్డ చోటే అది. ఆయన కింద పడింది దానివల్ల. ఏడుపు వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. "తర్వాత ఏడువు, ఫస్టు రేకు సక్క జెయ్యి" అన్నాడు.

చక్రానికి తగలకుండా, దగ్గరగా ఉండేలా రేకును వంచి బిగించాను. చేత్తో చక్రం తిప్పి చూశాను. ఎక్కడా గీరుకోలేదు. ఎవ్వరూ ఎక్కకుండా బెల్టును చాలాసేపు నడిపాం. వేగం పెంచాం, తగ్గించాం. ఉరకలేదు. నేను ఇక చాలన్నాను.

"యాడ చాలు? తాడేది?"

అత్తమ్మ కొత్త లంగా నాడా ఇచ్చింది. పాడైపోయిన స్పీకరు పగలగొట్టి గట్టి అయస్కాంతం తీశాం. నాడా దానికి కట్టి, రెండో కొసకు బట్టల క్లిప్పు తగిలించాం. మిషన్ నడుస్తుండగా ఆయన తాడు లాగాడు. ఆగింది. మళ్లీ నడిపి మళ్లీ లాగాడు. నన్ను లాగమన్నాడు. అత్తమ్మను కూడా లాగమన్నాడు.

"ఎన్నిసార్లు గుంజుతవురా, వానకు తడిసిన కోడి లెక్క అయ్యింది పిల్ల, ఇగ ఇడువు" అంది అత్తమ్మ.

"గుంజినప్పుడల్ల ఆగాలె. ముందు ఆగుడు సూద్దాం. నడుసుడు తర్వాత."

నవంబర్ 10, ఆదివారం

నడిచాడు. అన్నిటికన్నా తక్కువ వేగంలో. క్లిప్పు చొక్కాకు, వేలికి ఆక్సిజన్ మిషన్. నేను పక్కనే నిలబడ్డాను. మిషన్ ఎక్కడా తడబడలేదు. మా వీధి చివర కిరాణా షాపు దాకా పోయేంత దూరం కూడా కాలేదు, వేలి మీది అంకె దిగడం మొదలైంది. పెదాలు నీలంగా మారాయి. తనే తాడు లాగాడు.

మంచం మీద కూర్చొని ఊపిరి కుదురుకున్నాక, "గింతేనా" అన్నాడు.

నేను మిషన్ ఒక్కటి నడిస్తే చాలనుకున్నాను. అలా అనుకుంటున్నానని నాకు ఇవాళే తెలిసింది.

నవంబర్ 13, బుధవారం

సంగారెడ్డిలో డాక్టరు. ఊపిరితిత్తుల్లో మచ్చ పడ్డ భాగం మళ్లీ రాదట. మిగిలింది కాపాడుకోవాలి, రోజూ నడవాలి, కొద్ది కొద్దిగా పెంచాలి. రియాక్టర్ దగ్గర పని ఇక కుదరదు. ఆయన ముందే తెలిసినట్టు విన్నాడు.

నవంబర్ 17, ఆదివారం

గట్టిగా పోట్లాడుకున్నాం. మా ఇద్దరికీ గొడవై ఎన్నాళ్లయిందో.

విచారణ బుధవారం. మోగిందని చెప్పమన్నాను. ఒక్క మాట. ఉద్యోగం ఏదో ఒకటి ఇస్తారు, హరినాథ్ గారి ఉద్యోగం కూడా నిలబడుతుంది. ఆ మనిషి లేకపోతే నువ్వు లేవు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని ఇప్పుడు కూడా అనిపించడం లేదు. నిజమే కదా.

ఆయన నావైపు తిరిగాడు.

"నా జాగల ఇప్పుడు బీహార్ పిలగాడు నిలబడ్తుండు. మొన్న వానికి ఫోన్ చేసిన. ఎర్ర లైటు సూడరా, టేపు తీసిన్రా అన్న. ఇంక గట్లనే ఉన్నదట."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"సార్‌కు ముందుగాల నేనే చెప్త. ఎనకనుంచి చెప్పినట్టు ఉండొద్దు" అని ఫోన్ తీసుకున్నాడు. నా ముందే మాట్లాడాడు.

"సార్, మోగలేదనే చెప్త. మీకు తెల్వాలని చేసిన."

అవతల నుంచి హరినాథ్ గారి గొంతు, చిన్నగా. "నీ ఇష్టం చంద్రం." అంతే.

ఫోన్ పెట్టేసి కూడా ఆయన దాన్ని చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు.

నవంబర్ 20, బుధవారం

ఆటోలో ప్లాంటుకు వెళ్లాం. నన్ను లోపలికి రానివ్వలేదు. సెక్యూరిటీ గది పక్కన బల్ల మీద కూర్చున్నాను. షిఫ్టు మారి జనం బయటికి వచ్చారు. కొందరు పలకరించారు. కొందరు నన్ను చూసి ఫోన్లు తీసుకున్నారు.

ఆయన వచ్చాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"హరినాథ్ సార్ ఉన్నడా?"

"ఎదురుంగనే కూసున్నడు. ఆయనను అడిగితె, చంద్రకాంత్ చెప్పింది నిజమే అన్నడు."



నవంబర్ 27, బుధవారం

బీహార్ కుర్రాడు ఫోన్ చేశాడు. లైన్ ఆపి అలారాలన్నీ మళ్లీ పెడుతున్నారట. హరినాథ్ గారిని పక్కన పెట్టారు, కబురు చేసేదాకా రావద్దన్నారు. బ్యాచ్ ఆపొద్దన్న పైవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఈయన ఉద్యోగం గురించి మాకు కూడా కబురు చేస్తామనే చెప్పారు.

పద్మావతి గారు, హరినాథ్ గారి భార్య ఒకే గుడికి వెళ్తారు. నాలుగు రోజుల నుంచి పద్మావతి గారు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఇవాళ నీళ్ల మోటారు దగ్గర ఎదురైతే, "ఆవిడ ఏడుస్తోందమ్మా" అని లోపలికి వెళ్లిపోయారు. నేను బకెట్ నిండి పొర్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

డిసెంబర్ 3, మంగళవారం

రోజూ నడుస్తున్నాడు. కిరాణా షాపు దాటి, మూలమీది టైలరు దాకా వచ్చాడని లెక్క చెప్తున్నాడు. అత్తమ్మ పక్కన పీట వేసుకొని కూర్చొని, "ఇప్పుడు ఎవ్వరింటి ముంగట ఉన్నవురా?" అని అడుగుతోంది.

డిసెంబర్ 8, ఆదివారం

హరినాథ్ గారు వచ్చారు. పైకి రాలేదు. గేటు బయట స్కూటర్ దగ్గరే నిలబడ్డారు. నేను పై నుంచి చూసి ఈయనకు చెప్పాను. ఆయన చెప్పులు వేసుకొని మెట్లు దిగాడు.

ఇద్దరూ గోడ పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. వినపడలేదు. ఆయన కొంచెం పైకి వచ్చి, "టీ పెట్టు. సార్ మెట్లెక్కనంటుండు. కిందికే తీస్కరా" అన్నాడు.

తీసుకెళ్లాను. హరినాథ్ గారు చిక్కిపోయారు. గ్లాసు అందుకుంటూ, "బాగున్నావామ్మా" అన్నారు. ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగారు. నేను తల ఊపి పైకి వచ్చేశాను.

తర్వాత ఆయన చెప్పాడు. "సార్‌కు గూడ దగ్గు ఇడుస్తలేదట. ఆ దినం సందే. ఇంట్ల తప్ప ఎవ్వరికి చెప్పలే. డ్యూటీకి పోకుంటె నడుసుడు గూడ బంద్ అయిందట."

"నువ్వేమన్నవు?"

"మా ఇంట్ల మిషన్ ఉన్నది, పొద్దుగాల రాండ్రి అన్న. ఏం చెప్పలే. వస్తడో రాడో."

డిసెంబర్ 9, సోమవారం

పొద్దున్నే ముందు గది తలుపు తీసి పెట్టాడు. గేటు చప్పుడైతే ఇద్దరం తలెత్తి చూశాం. పాలవాడు.

డిసెంబర్ 12, గురువారం

బడికి తయారవుతుంటే కింద స్కూటర్ ఆగింది. హరినాథ్ గారు. పద్మావతి గారు వరండాలోంచే, "పైనే ఉన్నారండీ, వెళ్లండి" అన్నారు.

మెట్ల మధ్యకు వచ్చేసరికి ఆయన రెయిలింగు పట్టుకొని ఆగిపోయారు. భుజాలు ఎగసిపడుతున్నాయి. తల ఎత్తి పైకి చూడటానికి మొహమాటపడుతున్నట్టున్నారు.

నేను దిగబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు. తనే గుమ్మంలో నిలబడి, ఎదురు చూస్తూ అన్నాడు.

"మెల్లగ రాండ్రి సార్. తొందరేం లేదు."